గోడ మన్ను

నా తోడికోడలి మీద నేనొక నింద వేశాను. అది అబద్ధమని వేసేటప్పుడే నాకు తెలుసు. ఆమె పోయి ఏళ్లు గడిచినా ఆ మాటను కక్కలేక మింగలేక బతుకుతున్నాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను.

పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తలో సంగతి. మాది జహీరాబాద్ నుంచి కోహీర్ వెళ్లే దారిలో చెరకూ అల్లమూ పండించే ఇల్లు. మగవాళ్లు తిన్నాక, పిల్లలు తిన్నాక, చివరికి కోడళ్లం కూర్చునేవాళ్లం. అప్పటికి పప్పుగిన్నె ఖాళీ. జొన్నరొట్టె, కారం. కడుపుతో ఉన్నా అంతే, పాలిచ్చే తల్లయినా అంతే. చిన్నకోడలు శాంత రెండో కానుపుకు ఉంది. నీళ్లబిందెతో గడప దాకా వచ్చి ఆయాసంతో కూలబడేది. పెదవులు తెల్లగా పాలిపోయేవి. నాటకాలాడుతోందని మా అత్త సణిగేది. నేనూ అలాగే అనుకున్నాను. నిజంగానే అనుకున్నానా?

ఆ ఏడు మా ఇంట్లో ఒకరినొకరు నమ్మడం మానేశాం. గేదె పాలు ఎండిపోయాయి. నా చంటిదానికి జ్వరం తగ్గడం లేదు. చేతబడిని మా వైపు బాణామతి అంటారు. ఎవరో అదే చేశారని అత్త పట్టుబట్టింది. గుమ్మం ముందు నిమ్మచెక్క కనబడితే చాలు, ఎవరు పడేశారని ఆరాలు. అలాంటప్పుడు అత్త, జొన్నలు నిలవచేసే గుమ్మి వెనక మట్టిగోడ చూసింది. గోటితో గీకి గీకి గుంట పడి ఉంది.

"ఇంటి మన్ను గీకి పట్టుకపోతున్నరు. బాణామతికే. ఎవరే?" అంది, నా కళ్లలోకి చూస్తూ.

ఆ గుంట నాది. చంటిదాన్ని కన్న దగ్గర్నుంచి మన్ను తినాలని నాకు ప్రాణం కొట్టుకునేది. తడిగోడ వాసనకే నోరూరేది. దొంగచాటుగా తిని కొంగుతో మూతి తుడుచుకునేదాన్ని. అంతకు కొన్నాళ్ల ముందు ఒక మధ్యాహ్నం నేను వెళ్లేసరికి శాంత అక్కడే ఉంది, నోటినిండా మన్నుతో.

"ఎవ్వరికి చెప్పకక్కా. తినకుంటే పానం ఆగుతలేదు," అంది. తర్వాత నా గోళ్లకేసి చూసింది. "నువ్వు గూడనా?"

"ఛీ! నేనెందుకు తింట?" అన్నాను.

ఇప్పుడు అత్త అడుగుతుంటే నోరు దానంతటదే తెరుచుకుంది. "శాంత మన్ను కొంగుల కట్టుకుంటుంటె చూసిన."

ఆ రోజు నుంచి శాంతను వంటింట్లోకి రానివ్వలేదు. ఆమె కంచం పశువుల కొట్టం దగ్గర పెట్టేవాళ్లు. ఒకసారి దవాఖాన నర్సమ్మ వచ్చి ఆమె కంటి రెప్ప కిందికి లాగి చూసింది. "ఒంట్ల రక్తం లేదు. కడుపుతోనున్నోళ్లకు, పాలిచ్చేటోళ్లకు, నెల నెల ముట్టయ్యే ఆడోళ్లకు గిట్లనే అయితది. మన్ను తినబుద్ధయితది. పప్పు, ఆకుకూర పెట్టున్రి. ఈ మాత్రలు మింగించున్రి," అంది. మన్ను మాట రాగానే శాంత నన్ను చూసింది. నేను తల దించుకున్నాను.

అత్త నర్సమ్మనూ నమ్మలేదు. మందు పేరుతో ఇంకేం తెప్పించుకుందోనని మాత్రల పొట్లం పై గూట్లో పెట్టేసింది. తింటోందే గానీ దాచడం లేదత్తా అని నేనొక్క మాట అంటే పొట్లం కిందికి దిగేది. అనలేదు. భయమా? నా గుట్టు బయటపడుతుందన్న భయం ఒక్కటేనా? అందరూ ఆమెను అనుమానిస్తున్నంతసేపు నా వైపు ఎవరూ చూడరన్న నిశ్చింత కూడా ఉంది. సిగ్గు విడిచి చెబుతున్నాను.

కానుపులో రక్తం పోయింది. అసలే లేని రక్తం. బిడ్డ దక్కాడు, శాంత దక్కలేదు.

పసివాడిని చూడ్డానికి వచ్చిన నర్సమ్మ నా రెప్పా లాగి చూసింది. "నీకు గూడ రక్తం లేదు. మన్ను తింటున్నవా?"

"లేదు," అన్నాను. అప్పుడు కూడా!

పై గూట్లో విప్పకుండా ఉన్న శాంత మాత్రల పొట్లం ఆమె కంటబడింది, దింపి నా చేతిలో పెట్టింది. మింగాను. కొన్నాళ్లకు మన్ను మీద ఆశ పోయింది, ఆయాసం పోయింది. శాంత కొడుకు నా పాలు తాగే పెరిగాడు. నన్నే అమ్మా అంటాడు. ఎప్పుడైనా నన్ను తదేకంగా చూస్తే, వీడికి తెలిసిందా అని ఇప్పటికీ గుండె గుభేలుమంటుంది.

శాంతకు నా సంగతి తెలుసు. ఒక్కసారి కూడా నా పేరు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు?

ఆ గోడను మొదట గీకింది నేనే. ఈ మాట బయటికి వచ్చాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ ఊపిరి కూడా శాంత మింగాల్సిన మాత్రలు పోసిందే.