పెద్దక్క చెయ్యి పట్టుకుంటే

పెద్దక్క ఎవరు ఎదురుపడినా ముందు అడిగేది క్షేమసమాచారం కాదు. కుడిచెయ్యి చాపి, "ఏదీ, నా చెయ్యి గట్టిగా పట్టుకో చూద్దాం" అనేది. పట్టుకున్నవాడి పని అయిపోయినట్టే. రెప్పపాటులో ఆవిడ చెయ్యి ఆవిడ దగ్గరికి వచ్చేసేది, వాడి చెయ్యి గాల్లో మిగిలేది. "చూశావా? కరాటే!" అని కళ్ళెగరేసి, ఆ తర్వాతే "ఇంట్లో అందరూ కులాసాయేనా?" అని అడిగేది.

ఆవిడ వయసు యాభై నాలుగు. ఇరవై ఆరేళ్ళుగా ఒకే లాబ్‌లో రక్తం తీసే పని. పొట్టి మనిషి, కాస్త గుండ్రం. రెండు మోకాళ్ళూ నొప్పులే, మెట్లెక్కేటప్పుడు ఒక్కో మెట్టుకీ ఒక్కో నిట్టూర్పు. అలాంటి మనిషి ఉన్నట్టుండి ఒక ఆదివారం వెళ్ళి కరాటే క్లాసులో చేరింది. లాబ్ ఊడ్చే ఆయా విని బుగ్గలు నొక్కుకుంది. "పిచ్చి పడితే పట్టింది, వయసుకి తగ్గది పట్టకూడదూ!" అంది.

ఈ పిచ్చికి అందరికన్నా ఎక్కువగా బలైంది పిట్ట. అసలు పేరు వేరే ఉంది. గొంతు పెంచితే ఎదుటివాళ్ళకి ఎక్కడ నొప్పి కలుగుతుందో అన్నట్టు మాట్లాడుతుందని పెద్దక్కే ఆ పేరు పెట్టింది. వెనకగదిలో కూర్చుని రక్తం గొట్టాలకి లేబుళ్ళు అతికించడం పిట్ట పని. పక్కన రక్తాన్ని వేరుచేసే యంత్రం గిర్రున తిరుగుతూ ఉండేది. ముందు గది కనబడేలా మధ్యలో చిన్న అద్దం ఉండేది. ఆ అద్దంలోంచి పెద్దక్క విన్యాసాలన్నీ పిట్టకి కనబడుతూనే ఉండేవి.

ఒకరోజు పర్వతం లాంటి కంట్రాక్టరు ఒకాయన వచ్చాడు. చక్కెర జబ్బు ఉందేమో చూడాలి. సూది చూడగానే పర్వతం వణికింది.

"అమ్మా, రేపు రానా?"

"రేపు కూడా ఇదే సూది బాబూ. సూది సంగతి తర్వాత, ముందు నా చెయ్యి పట్టుకో."

"ఎందుకండీ?"

"పట్టుకో అంటే పట్టుకో. ఇంతేనా నీ బలం? సిమెంటు బస్తాలు మోయించేవాడివేనా నువ్వు?"

ఆయనకి పౌరుషం వచ్చింది. పళ్ళు బిగించి పట్టుకున్నాడు. పెద్దక్క మోచెయ్యి అటు తిప్పి ఇటు లాగింది, అంతే. కంట్రాక్టరు నోరు తెరిచాడు. "ఇదెలా చేశారండీ?"

"చెప్తా. నీ పట్టులో నాలుగు వేళ్ళు ఒకవైపు ఉన్నాయి, బొటనవేలు ఒక్కటే ఒకవైపు ఉంది. నలుగురితో పోట్లాడకు. ఒంటరిగా ఉన్నవాడి వైపు తిప్పి లాగెయ్. తర్వాత రెండడుగులు వెనక్కి వెయ్యి, గట్టిగా 'వదులు' అని కేకెయ్యి. నేర్చుకున్నావా? ఇదిగో, నీ రక్తం తీసేశాను. ఈ దూది నొక్కి పట్టుకుని బయట కూర్చో."

పిడికిలి అంత బిగించాక నరం తేలకుండా ఎక్కడికి పోతుంది? ఆ కిటుకు ఆవిడకి కరాటేకి ముందు నుంచీ తెలుసు. దాంతో ఆ లాబ్‌కి వచ్చినవాళ్ళందరూ రక్తం ఇచ్చి విద్య పట్టుకెళ్ళడం మొదలైంది. వాటర్ మీటరు చూడ్డానికి వచ్చినవాడు నేర్చుకున్నాడు. ఎనభై ఏళ్ళ పెద్దావిడ నేర్చుకుని, చేతికర్ర పక్కనపెట్టి, చెయ్యి పట్టుకుని నడిపించే మనవడి మీదే పరీక్షించింది.

డాక్టరు గారిని కూడా ఆవిడ వదల్లేదు. ఆయన ఆ లాబ్‌కి యజమాని, చాలా నెమ్మదస్తుడు. ఒకసారి మొహమాటానికి పెద్దక్క చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ విదిలించిన విదిలింపుకి ఆయన గడియారం పట్టీ తెగి, ఎగిరి, మూత్ర పరీక్ష సీసాల ట్రేలో పడింది. సీసాలకి మూతలుండబట్టి పరువు దక్కింది. అప్పటినుంచీ ఆయన పెద్దక్కతో మాట్లాడవలసి వస్తే చేతులు రెండూ కోటు జేబుల్లో పెట్టుకునేవారు.

ఆవిడ భర్త కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా ఇవ్వడానికి వచ్చినప్పుడు ఆయన మణికట్టుకి నొప్పి కట్టు ఉంది. ఆయా అడిగింది. "ఏం చెప్పమంటావమ్మా? ముప్పై ఏళ్ళ కింద పట్టుకున్న చెయ్యి. ఇప్పుడు రోజుకి పదిసార్లు విడిపించుకుంటోంది" అన్నాడాయన.

పిట్ట దగ్గర మాత్రం వరస తిరగబడేది. "నువ్వు నా చెయ్యి పట్టుకోవడం కాదే, నేను నీ చెయ్యి పట్టుకుంటాను. నువ్వు విడిపించుకో" అనేది పెద్దక్క. లేబులు అతికిస్తుంటే పట్టుకునేది. చెయ్యి కడుక్కుంటుంటే పట్టుకునేది. అన్నం కలుపుకుంటుంటే కూడా పట్టుకునేది.

"అక్కా, అన్నం తిననివ్వక్కా!"

"విడిపించుకుని తిను."

"నాకెందుకక్కా ఇదంతా?"

"నా ప్రాక్టీసుకే. పసుపు బెల్టు పరీక్ష ఉంది. నువ్వు సాయం చెయ్యకపోతే ఇంకెవరు చేస్తారు?"

సాయం అనేసరికి పిట్ట కాదనలేకపోయేది. విసుక్కుంటూనే రోజుకి ఇరవై సార్లు, ముప్పై సార్లు మోచెయ్యి తిప్పేది. చెయ్యి వచ్చేసేది గానీ గొంతు వచ్చేది కాదు. "వదులు" అని గుసగుసలాడేది. "నా చెవిలో రహస్యం చెప్పమన్నానా?" అని పెద్దక్క మళ్ళీ పట్టుకునేది.

నిజానికి పిట్ట ఉండవలసిన చోటు వెనకగది కాదు. ఆమెని తీసుకున్నది ముందు కౌంటరులో కూర్చుని రిపోర్టులు ఇవ్వడానికి. నాలుగు నెలల కింద, ఒక రిపోర్టు ఆలస్యమైందని ఒకడు కౌంటరు కిటికీలోంచి చెయ్యి పెట్టి పిట్ట మణికట్టు పట్టుకుని బయటికి లాగాడు. భుజం కిటికీ అద్దం అంచుకి కొట్టుకుంది. హాలు నిండా జనం ఉన్నారు, చూస్తూ ఉండిపోయారు. డాక్టరు గారు పరుగెత్తుకొచ్చేదాకా వాడు వదల్లేదు. అంతసేపూ పిట్టకి నోరు పెగల్లేదు. తర్వాత అందరూ అడిగితే, "ఏం లేదు, కాస్త భుజం నొప్పి" అంది. ఆ నొప్పి పేరు చెప్పి వెనకగదికి మారిపోయింది. భుజం వారానికి తగ్గింది. కౌంటరు వైపు మాత్రం మళ్ళీ అడుగు పెట్టలేదు.

ఆమె బదులు వ్యాను డ్రైవరు కౌంటరులో కూర్చునేవాడు. మంచివాడే గానీ, అక్షరాలంటే అతనికి అంత పట్టింపు లేదు. ఒకసారి మీసాల తాతగారికి రిపోర్టు ఇచ్చి పంపితే, ఆయన గంటలో తిరిగొచ్చి, "బాబూ, నాకు మూడో నెల అని రాశారు. కాస్త చూసి చెప్పు" అన్నాడు.

అది జరిగిన మర్నాడు డాక్టరు గారు వెనకగదికి వచ్చారు. "అమ్మా, ఒకటో తారీకు నుంచి నువ్వు కౌంటరుకి రాగలిగితే రా. లేకపోతే నేను ఇంకొకరిని చూసుకోక తప్పదు. వెనక పనికి విడిగా ఒక మనిషిని పెట్టే స్తోమత మనకి లేదు" అన్నారు, నేల చూస్తూ. పిట్ట తలూపింది. ఆమె ఉద్యోగం మీద ఇంట్లో తమ్ముడి చదువు, నాన్న మందులు ఆధారపడి ఉన్నాయి. అయినా ఆ సాయంత్రం ఇంటికెళ్తూ, మానేయడమే మేలనుకుంది.

ఒకటో తారీకు ఇంకా వారం ఉందనగా ఆ సోమవారం వచ్చింది. సోమవారం లాబ్ కిటకిటలాడుతుంది. డ్రైవరు గొట్టాలు పట్టుకుని పెద్ద ఆసుపత్రికి వెళ్ళాడు. ముందు గదిలో పెద్దక్క ఒకరి తర్వాత ఒకరికి సూది వేస్తోంది. పక్క మంచం మీద కండలు తిరిగిన మనిషి ఒకాయన మొహం మీద తడిగుడ్డతో పడుకుని ఉన్నాడు. ఆయన పెద్దక్కకి కరాటే నేర్పే మాస్టారు. మొదటిసారి రక్తం ఇవ్వడానికి వచ్చి, సూది తగలకముందే కళ్ళు తేలేశాడు.

కౌంటరు ముందు జనం గోల పెడుతున్నారు. డాక్టరు గారు వెనకగదిలోకి తొంగిచూశారు. "పది నిమిషాలు కూర్చో తల్లీ. వాడు వచ్చేస్తాడు."

పిట్ట వెళ్ళి కూర్చుంది. కుర్చీని కిటికీకి కాస్త దూరంగా జరుపుకుంది. ముగ్గురికి రిపోర్టులిచ్చింది. నాలుగోవాడు ముప్పై ఏళ్ళవాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మా అమ్మది. ఇవాళ ఇస్తామన్నారు."

"ఒక పరీక్ష ఇంకా రాలేదండీ. ఇంకో గంటలో..."

"మొన్నా ఇదే మాట! ఇప్పుడివ్వాల్సిందే!"

అతనిచ్చిన చీటీ వెనక్కి ఇవ్వబోయిన పిట్ట మణికట్టుని కిటికీలోంచి గట్టిగా పట్టుకున్నాడు.

ఆ క్షణంలో ఏమైందో పిట్టని తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయింది. తల పని చెయ్యలేదు. మోచెయ్యి చేసింది. నాలుగు వేళ్ళని వదిలేసి, ఒంటరి బొటనవేలి వైపు తిరిగింది, లాగింది. చెయ్యి బయటికి వచ్చేసింది. పిట్ట లేచి రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు, నాలుగు నెలలుగా లోపల ఇరుక్కున్న గొంతు ఒక్కసారి బయటికొచ్చింది.

"వదులు!"

అప్పటికే వదిలేశాడు, పాపం. కానీ పాఠంలో వరస అదే. ఆ కేకకి వెనకగదిలో యంత్రం కూడా ఆగిందని ఆయా ఇప్పటికీ ఒట్టేసి చెప్తుంది.

హాల్లో ఇరవైమంది ఒక్కసారి లేచి నిలబడ్డారు. అందరూ మోచేతి మడతలో దూది నొక్కుకుని ఒక చెయ్యి వంచుకునే ఉన్నారు. చూసేవాళ్ళకి అదేదో యుద్ధానికి సిద్ధమైన భంగిమలా ఉంది. మళ్ళీ చక్కెర చూపించుకోడానికి వచ్చిన కంట్రాక్టరు అందరికన్నా ముందుకి వచ్చాడు. "నాయనా, జాగ్రత్త. ఇక్కడ అందరం నేర్చుకున్నవాళ్ళమే" అన్నాడు. వెనక నుంచి పెద్దావిడ చేతికర్ర ఎత్తింది. మంచం మీద మాస్టారు కూడా కేక విని వీరావేశంతో లేచాడు. పక్క ట్రేలో గొట్టం నిండా ఎవరిదో రక్తం కనబడింది. మళ్ళీ పడుకున్నాడు.

ఆ మనిషి బెంచీ మీద కూలబడ్డాడు. చూస్తుండగానే ఏడుపు మొదలెట్టాడు. "మూడు రోజులుగా అమ్మకి ఏమవుతుందో అని నిద్ర లేదండీ..."

పెద్దక్క చేతిలో పని ముగించి, సూది డబ్బాలో పడేసి వచ్చింది. "నీ భయం నిజమే నాయనా. కానీ అది నీది. ఈ చెయ్యి పిట్టది. అర్థమైందా? ముందు క్షమించమని అడుగు."

అతను లేచి పిట్టని క్షమించమన్నాడు. పిట్ట, "ఇంకెప్పుడూ ఎవరి చెయ్యీ అలా పట్టుకోకండి" అంది. గుసగుసగా కాదు, హాలంతా వినబడేలా. నలభై నిమిషాలకి రిపోర్టు వచ్చింది. భయపడాల్సింది ఏమీ లేదు, రక్తం తక్కువగా ఉంది, మందులు వాడితే సరిపోతుంది. అతను ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, నవ్వాలో ఏడవాలో తెలియక రెండూ చేసి వెళ్ళాడు.

జనం పలచబడ్డాక పిట్ట మాస్టారికి మంచినీళ్ళు తీసుకెళ్ళింది. ఆయన లేచి కూర్చుని ఆమెని ఎగాదిగా చూశాడు.

"ఆ పిల్లవి నువ్వేనా అమ్మా?"

"ఏ పిల్లనండీ?"

"మీ అక్క నా దగ్గరికి వచ్చిన మొదటిరోజు ఏం చెప్పిందో తెలుసా? 'మాస్టారూ, నాకు గుద్దడాలు, తన్నడాలు వద్దు. చెయ్యి పట్టుకుంటే విడిపించుకోవడం ఒక్కటి నేర్పండి. మా పిల్ల ఒకత్తి ఉంది. రమ్మంటే రాదు. నేనే నేర్చుకుని పట్టుకెళ్ళాలి' అంది. బెల్టు పరీక్ష మూడుసార్లు తప్పింది. మిగతావి చెయ్యనంటే ఎలా పాసు చెయ్యను? 'నాకు బెల్టు ఎందుకు మాస్టారూ' అంటుంది."

పెద్దక్కకి ఉన్నది ఇద్దరు కొడుకులు. ఆడపిల్ల లేదు. పిట్ట గ్లాసు అక్కడే పెట్టి ముందు గదిలోకి వెళ్ళింది. పెద్దక్క ఖాళీ గొట్టాలు రంగుల వారీగా సర్దుతోంది. ఎర్రమూతవి ఒకవైపు, ఊదామూతవి ఒకవైపు.

"అక్కా, నా కోసమా ఇదంతా?"

"ఏదంతా?"

"నాకొక్కదానికే నేర్పొచ్చుగా! ఊరందరి చేతులూ ఎందుకు తిప్పావు?"

పెద్దక్క తలెత్తలేదు. "నిన్ను కూర్చోబెట్టి నేర్పితే, ఆ రోజు సంగతి రోజూ నీకు గుర్తుచేసినట్టు ఉండదూ? అందరూ నిన్ను జాలిగా చూడరూ? దానికన్నా నాకు పిచ్చెక్కిందనుకోవడం నయం కదే. ఈ వయసులో నాకు పోయేదేముంది?" ఊదామూత గొట్టం ఒకటి సరిచేస్తూ చిన్నగా అంది. "ఆ రోజు వాడు నిన్ను పట్టుకున్నప్పుడు నా సూది ఒక ముసలాయన నరంలో ఉంది. తీసి రాలేకపోయాను. అది నన్ను నిద్రపోనివ్వలేదు."

 పిట్ట వెళ్ళి పెద్దక్కని వెనకనుంచి గట్టిగా వాటేసుకుంది. ఇదెలా విడిపించుకోవాలో మాస్టారు ఇంకా నేర్పలేదు కాబట్టి, పెద్దక్క అలాగే నిలబడింది.

డ్రైవరు తిరిగి వచ్చేసరికి కౌంటరు కుర్చీలో పిట్ట ఉంది. "లేమ్మా, నేను కూర్చుంటా" అన్నాడు. "అక్కర్లేదన్నా, నువ్వు వ్యాను చూసుకో" అంది. డ్రైవరు కళ్ళలో కనిపించిన ఆనందం చూస్తే, అందరికన్నా బరువు దిగింది అతనికే అనిపించింది. డాక్టరు గారు గుమ్మం దగ్గరే ఆగి, ఆ దృశ్యం చూసి, చాలా రోజుల తర్వాత చేతులు జేబుల్లోంచి తీశారు.

"పెద్దక్కా, ఇంక మీ కరాటేకి సెలవేగా?" అన్నారు ఆశగా.

"అదేంటండీ, సెలవెందుకు? ఇన్నాళ్ళూ దీని కోసం నేర్చుకున్నాను. వచ్చే ఆదివారం నుంచి నా కోసం నేర్చుకుంటాను" అంది పెద్దక్క, మోకాలు నిమురుకుంటూ. "ఇక తన్నడం మొదలుపెడతాం అన్నారు మాస్టారు. ప్రాక్టీసుకి ఎవరైనా కాస్త ఎదురుగా నిలబడాలి."

గది క్షణంలో ఖాళీ అయింది.