అక్క వైపు కిటికీ లేదు

“ఇంటికెవరన్నా వస్తే ఎక్కడ పడుకోబెడతారమ్మా?”

అద్దె ఇళ్ళు చూపించే బ్రోకరు గుమ్మంలోనే నిలబడి అడిగాడు. లోపలికి రాలేదు. అప్పటికే ఇద్దరున్నారు, మూడో మనిషి వస్తే ఒకరి మోచేయి ఇంకొకరికి తగిలేది. పద్నాలుగడుగుల పొడవు, పదకొండడుగుల వెడల్పు. తలుపు తీయగానే కుడిచేతి వైపు వంటగట్టు, రెండు బర్నర్ల స్టవ్వు, సింకు. ఎడమ వైపు స్నానాలగది. ఎదురుగా, గది ఆ చివర, ఒకే ఒక్క కిటికీ. దీన్ని స్టూడియో అపార్ట్‌మెంటు అంటారని అతను గొప్పగా చెప్పాడు, ఆ పేరు పెడితే నాలుగడుగులు పెరుగుతుందన్నట్టు.

“ఎవరూ రారు,” అందామె.

ఆమె కర్టెన్లు కుట్టే మనిషి. దుకాణంలోనూ, ఉన్న వీధిలోనూ కర్టెన్లావిడ అంటే చాలు, ఇక పేరు అడిగేవాళ్ళుండరు. అప్పటికి నలభై తొమ్మిదేళ్ళు.

పక్కనున్న అక్క పెద్దగా నవ్వింది. “నేనొస్తే నిలబడే ఉంటాలే బాబూ. ముప్పై ఏళ్ళు బస్సులో నిలబడ్డదాన్ని. నాకు సీటు దొరికితేనే కంగారు.”

అక్క బస్సు కండక్టరుగా చేసి రిటైరయింది. అడ్వాన్సు నలభై నాలుగు వేలని బ్రోకరు చెప్పగానే చెల్లెలి మొహం చూసింది, సంచీ తెరిచింది. నోట్లు నిలువుగా మడిచి వేళ్ళ మధ్య పెట్టుకుని లెక్కపెట్టే అలవాటు ఇంకా పోలేదు. సరిగ్గా సగం ఇచ్చింది.

“వీలున్నప్పుడివ్వు. చిల్లర లేదని మాత్రం అనకు,” అంది.

ఆ గది ఆమెకెందుకంత కావలసి వచ్చిందో తెలియాలంటే, అంతకుముందు ఆమె ఎక్కడెక్కడ పడుకుందో చెప్పాలి. పుట్టింట్లో రెండు గదులు, తొమ్మిదిమంది మనుషులు. అక్కాచెల్లెళ్ళిద్దరికీ ఒకే మంచం. చెల్లెలు కింద పడుతుందని అక్క ఎప్పుడూ అంచున పడుకునేది, ఈమెను గోడవైపుకి నెట్టేది. తర్వాత అత్తారిల్లు. అక్కడ పదకొండేళ్ళు ఆమె ఉందో లేదో ఎవరూ గమనించలేదు కాబట్టి, వెళ్ళిపోయినప్పుడూ ఎవరూ అడ్డం రాలేదు. తర్వాత పద్నాలుగేళ్ళు అన్నగారింట్లో, హాల్లో సోఫా మీద. అన్నయ్య మంచివాడే, వదినా చెడ్డది కాదు. కానీ సోఫా మీద ఇంటిల్లిపాదీ కూర్చుని టీవీ చూస్తారు. వాళ్ళు లేస్తేనే ఆమె వాలాలి. ఒంట్లో జ్వరమున్నా, కుట్టి కుట్టి నడుం విరిగిపోతున్నా, టీవీలో ఎవరో ఎవరినో క్షమించేదాకా ఆమె కుర్చీలో కూర్చుని ఆవులించాలి. పద్నాలుగేళ్ళలో ఆమెకున్న కోరిక ఒక్కటే: వాలాలనిపించినప్పుడు వాలడం.

అందుకే మొదటి ఆదివారం ఆమె పొద్దున్నే లేచి, టీ పెట్టుకుని తాగి, మళ్ళీ పడుకుంది. మధ్యాహ్నం లేచి, ఒక గుడ్డు ఉడకబెట్టుకుని తిని, మళ్ళీ పడుకుంది. సుఖం అంటే ఇంతేనా అని ఎవరికైనా అనిపిస్తే వాళ్ళు సోఫా మీద బతికి ఉండరు.

ఒంటిగది ఇల్లు అన్నీ చేతికందే ఇల్లు. మంచం మీద నుంచి ఒంగితే ఫ్రిజ్జు. ఫ్యాన్ స్విచ్చుకి లేవక్కర్లేదు. ఊడ్చడానికి నాలుగు నిమిషాలు. కళ్ళజోడు కనిపించకపోతే అది రెండు చోట్ల మాత్రమే ఉండగలదు, రెండోది తల మీద. బాధలూ ఉన్నాయి, కాదని ఎవరన్నారు? ఉల్లిపాయలు వేయిస్తే మూడు రోజులు దిండుకి అదే వాసన. ఫ్రిజ్జు గురక పెడుతుంది, తట్టి లేపడానికి లేదు. ఉతికిన బట్టలు తల మీదే ఆరతాయి. అన్నిటికంటే పెద్ద లోటు మాత్రం అప్పట్లో ఆమెకు తోచలేదు. ఆ ఇంట్లో పక్కగది లేదు. ఒక మాట అనేసి వెళ్ళి కూర్చోవడానికిగానీ, ఒక మాట విని వెళ్ళి ఏడవడానికిగానీ చోటు లేదు.

రెండేళ్ళు అలా గడిచాయి. ఆ రెండేళ్ళూ ఆమె ఎవరికీ ఏమీ కాకుండా హాయిగా ఉంది.

అప్పుడు అక్క ఉంటున్న అద్దె భవనం కూలగొడతామని ఓనరు నోటీసిచ్చాడు. అక్కకి పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. మోకాళ్ళు రెండూ బస్సుకే ఇచ్చేసింది. ఒక ట్రంకుపెట్టె, ఒక మడతమంచంతో వచ్చి దిగింది.

“పది రోజులే. ఇల్లు చూసుకుని పోతా. నిలబడే ఉంటానన్నాగా, మోకాళ్ళు మాటతప్పాయి, ఏం చెయ్యను?”

పది రోజులు నెలయింది, నెల రెండయింది. ఒంటరి ముసలిదానికి ఇల్లివ్వడానికి ఓనర్లకి భయం. లోపలే పోతే ఎవరు తలుపు పగలగొట్టాలి? ఆ మాట ఒకడు మొహం మీదే అన్నాడు. అక్క వచ్చి అది జోకులాగా చెప్పింది.

చిన్న ఇంట్లో మనుషులు దగ్గరవుతారని చెప్పేవాళ్ళకి సాధారణంగా పెద్ద ఇళ్ళుంటాయి. చిన్న ఇంట్లో మనుషులు ఒకరి మీద ఒకరు పడతారు. అక్క పేపరు పైకి చదివేది. స్నానాలగదిలో పాడేది. గిన్నెలు పెడితే వీధి మలుపు దాకా వినిపించేది. కింద రోడ్డు మీద బస్సు పోతే చాలు, ఇంజను చప్పుడుని బట్టి ఏ నంబరో, టైమెంతో చెప్పేసేది.

“పన్నెండో నంబరు పోయింది. ఎనిమిదింపావు. లేవవే, దుకాణానికి టైమైంది.”

“గడియారం ఉంది కదక్కా.”

“గడియారానికి బ్రేక్‌డౌన్లు తెలియవే.”

మూడో నెలలో కర్టెన్లావిడ తనకు తెలిసిన ఉపాయమే చేసింది. దుకాణంలో మిగిలిన బూడిదరంగు గుడ్డ తెచ్చి, గదిని అడ్డంగా రెండు చేసే కర్టెన్ కుట్టింది. కర్టెన్ మంచిదా కాదా అన్నది కుచ్చుల్లో తెలుస్తుంది. చోటు వెడల్పుకి రెండింతల గుడ్డ పెట్టాలి, లేకపోతే ఆరేసిన దుప్పటిలా ఉంటుంది. అక్క కోసం కాబట్టి రెండున్నర పెట్టింది. వెనక బ్లాకౌట్ గుడ్డ లైనింగ్ వేసింది, వెలుతురు చుక్క కూడా దూరనిది, దుకాణంలో అన్నిటికంటే ఖరీదైనది. దుకాణంలో గుడ్డ కోసే కటింగ్ మాస్టారు వచ్చి సీలింగుకి ఎనిమిది రంధ్రాలు చేసి, కర్టెన్ జరిగే ట్రాకు బిగించి వెళ్ళాడు. తలుపు వైపు సగం అక్కది, కిటికీ వైపు సగం ఆమెది.

అంత పనితనం తెలిసిన మనిషికి, కిటికీ ఒకటే ఉన్న గదిలో బ్లాకౌట్ వేస్తే అవతలివైపు పగలుండదని తట్టలేదు. ఆమె జీవితమంతా కర్టెన్ని లోపలినుంచే చూసింది. వెలుతురు రాకూడదని డబ్బులిచ్చేవాళ్ళనే చూసింది.

“ఎలా ఉందక్కా?”

“హాయిగా ఉందే. నిద్ర బాగా పడుతోంది,” అంది అవతల నుంచి అక్క.

ఆ తర్వాత అక్క పేపరు చదవడం మానేసింది. పేపరులో ఏముంటుంది, అన్నీ అబద్ధాలే అంది. బస్సులు మాత్రం చెబుతూ ఉండేది.

దుకాణానికి వచ్చేవాళ్ళందరికీ కర్టెన్లావిడ ముందే ఒక మాట చెబుతుంది. చెప్పకపోతే తర్వాత పోట్లాటకొస్తారు కాబట్టి. “వెలుతురు ఆగుతుందండీ. మాట ఆగదు. గుడ్డే కదా, గోడ కాదు.” ఇరవై ఏళ్ళుగా రోజుకు నాలుగైదుసార్లు అన్న మాట. ఐదో నెలలో, ఒక శనివారం సాయంత్రం, సొంత గదిలో అదే మర్చిపోయింది.

కటింగ్ మాస్టారు ఫోను చేశాడు. మంగళవారం ఆసుపత్రి ఆర్డరు, త్వరగా రమ్మని. చివర్లో ఊరికే అడిగాడు: “మీ అక్కగారింకా ఉన్నారామ్మా?”

ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. కర్టెన్ వేసి ఉంది. అవతల చప్పుడు లేదు.

“ఉంది మాస్టారూ. ఎప్పుడు పోతుందో ఏమో. నా గది నాకు ఎప్పుడొస్తుందో. ఒక్కదాన్నే ఉండాలని ఇన్నేళ్ళు ఆగి తెచ్చుకున్నా. ఊపిరాడట్లేదు, నిజంగా.”

కింద రోడ్డు మీద ఒక బస్సు వెళ్ళింది.

“ఏడో నంబరు పోయిందే,” అంది కర్టెన్ అవతల నుంచి అక్క, ఎప్పటి గొంతుతోనే. “ఆరున్నర.”

ఆమె ఫోను పెట్టేసింది. అప్పుడు వెళ్ళి ఆ కర్టెన్ పక్కకు లాగితే చాలు. నాలుగడుగుల దూరం. లాగలేదు. స్టవ్వు అక్క వైపుంది, అందుకని కిటికీ గట్టు మీది కరెంటు కెటిల్లోనే టీ పెట్టింది. రెండు కప్పుల్లో పోసింది. అక్క కప్పు కర్టెన్ అంచు కిందుగా లోపలికి పెట్టింది, మెత్తగా, అద్దం తుడిచినంత జాగ్రత్తగా. అక్క చెయ్యి వచ్చి తీసుకుంది. చక్కెర సరిపోయిందా అని ఈమె అడిగింది. సరిపోయిందని అక్క అంది.

రెండు రోజులయ్యాక, పొద్దున్న, ఆమె చెప్పులు వేసుకుంటుంటే అక్క అంది: “మా తోడికోడలు ఫోను చేసిందే. వాళ్ళ మేడమీద గది ఖాళీ అయిందట. రమ్మని ఒకటే గొడవ. మా మరిది పోయినప్పటి నుంచీ ఒక్కత్తే ఉంటోందట, పాపం.”

ఒంటిగదిలో ఎవరి ఫోను మోగినా ఇద్దరికీ మోగినట్టే. ఆ రెండు రోజులూ ఆదివారం, సోమవారం, రెండూ దుకాణానికి సెలవులు. ఆమె గది దాటి బయటికి పోలేదు. అక్క ఫోను మోగలేదు.

“మేడ మెట్లెక్కగలవా?” అని మాత్రం అడిగింది.

“లిఫ్టుందట,” అంది అక్క.

వెళ్ళేటప్పుడు అక్క అడిగింది ఒక్కటే. “ఈ కర్టెన్ నాకిస్తావా? అక్కడ కిటికీకి ఉంటుంది. ఇక్కడ నీకింకెందుకు?” ఆమె స్టూలెక్కి దాన్ని విప్పి, ఇస్త్రీ చేసి, మడిచి ఇచ్చింది. టాక్సీ కదిలాక పైకొచ్చి తలుపేసుకుంది. గది తనకొచ్చింది. మంచం మీద వాలింది. సుఖంగా ఉందని ఒప్పుకోవాలి. మొదటి వారం నిజంగా సుఖంగానే ఉంది. ఇది చెప్పకుండా ఆమె ఏడ్చిందని మాత్రమే చెబితే అది కథవుతుందిగానీ, ఆమె కాదు.

వారానికోసారి అక్కకి ఫోను చేసేది. అక్క గది బాగుందనేది, గాలి బాగా వస్తుందనేది. ఆదివారం వస్తానంటే, వచ్చే ఆదివారం రావే, ఇవాళ మేమెక్కడికో వెళ్తున్నాం అనేది. ఆమెకు అనుమానమొచ్చింది, ఆ అనుమానాన్ని వచ్చే ఆదివారానికి వాయిదా వేసింది. పద్నాలుగు ఆదివారాలు అలా వెళ్ళాయి. పదిహేనో ఆదివారం పొద్దున్న తోడికోడలే ఫోను చేసింది. నిద్రలోనే పోయింది, టీ ఇద్దామని లేపితే లేవలేదు అంది.

వెళ్ళింది. అది మేడే కాదు. రెండు గదుల ఇల్లు, నిండా కొడుకులూ కోడళ్ళూ పిల్లలూ. తోడికోడలు కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది:

“మేం పిలవలేదమ్మా, నిజం చెబుతున్నా. పిలవడానికి మాకెక్కడుంది చోటు? తనే ఫోను చేసింది. చెల్లెలి గది చిన్నది, పాపం దానికి ఇరుగ్గా ఉంది, నాకెక్కడైనా ఒక మూల చాలు అంది. ఓ మంగళవారం పొద్దున్న, నువ్వు దుకాణానికి పోయాక చేసిందిలే.”

మూల అంటే మూలే. డాబా మీదికెళ్ళే మెట్ల కింద, వాలుగా ఉన్న చోట, అదే మడతమంచం. దాని ముందు ఒక తీగ కట్టి ఆ బూడిదరంగు కర్టెన్ వేలాడదీసి ఉంది. ఎదురుగా వీధి తలుపు, దానిలోంచి పగటి వెలుతురు. కర్టెన్ దాటి ఆ వెలుతురు మంచం మీద పడుతోంది.

పడకూడదు. ఆమె దగ్గరికెళ్ళి గుడ్డ పట్టుకుని చూసింది. వెనక లైనింగ్ లేదు. చుట్టూ కుట్టు పోయిన చోట సూది బెజ్జాలు వరసగా ఉన్నాయి. కత్తెర పెట్టలేదు, ఎక్కడా గుడ్డ చిరగలేదు. ఒక్కొక్క కుట్టూ సూదిమొనతో లాగి విప్పి ఉంటుంది. రెండున్నరింతల గుడ్డ చుట్టూ, కనీసం నాలుగైదు రోజుల పని, అదీ చూపు సరిగా ఆనని మనిషికి. బ్లాకౌట్ గుడ్డ పరుపు కింద నాలుగు మడతలు పెట్టి దాచి ఉంది. దాని మీద వారం రోజుల పేపర్లు.

“నిద్రలో పోయింది, అదృష్టవంతురాలు,” అంటోంది అక్కడ ఎవరో.

ఆమె అటు తిరిగి, “నోరు ముయ్యండి,” అంది. అందరూ ముయ్యలేదుగానీ, ఆవిడ మూసింది.

కర్టెన్ తెచ్చుకోలేదు. లైనింగ్ తెచ్చుకుంది. అది ఇప్పుడు ఆమె బట్టల పెట్టెలో ఉంది, మళ్ళీ దేనికీ వేయలేదు. దుకాణంలో ఎవరైనా బ్లాకౌట్ అడిగితే, గదికి కిటికీలెన్ని అని ముందు అడుగుతుంది. ఒకటే అంటే, అవతలివైపు ఎవరుంటారు అని అడుగుతుంది. బేరాలు పోతున్నాయని కటింగ్ మాస్టారు గొణుగుతాడు, ఆపమని మాత్రం అనడు.

ఆ గదిలోనే ఉంటోంది. సీలింగుకి ట్రాకు అలాగే ఉంది, ఖాళీ కొక్కేలతో. ఖాళీ చేసేటప్పుడు ఎనిమిది రంధ్రాలకీ అడ్వాన్సులోంచి కోస్తానని ఓనరు చెప్పాడు. కోసుకోమంది. మంచం ఇంకా కిటికీ కిందే ఉంది. వాలాలనిపించినప్పుడు వాలుతుంది. పన్నెండో నంబరు పోయాక లేస్తుంది.

పోయిన నెల తోడికోడలింటికి డబ్బు పట్టుకెళ్ళింది. “మాకెందుకమ్మా ఇది? మీ అక్క దగ్గర తీసుకున్నావు, మా దగ్గర కాదుగా,” అని ఆవిడ కవరు వెనక్కి తోసింది. అన్నయ్యా అదే అన్నాడు. అడ్వాన్సులో అక్క ఇచ్చిన ఇరవై రెండు వేలు ఇంకా బాకీ ఉంది.