వాకర్ అనే ఇంటిపేరు

సౌదీలోని తబూక్ ఆసుపత్రిలో నాతో తెలుగు మాట్లాడే మనిషి ఒక్కతే ఉండేది, గుంటూరు వైపు నుంచి వచ్చిన పెద్ద నర్సు. అక్కా అని పిలిచేదాన్ని. అక్కడ చర్చిలకు అనుమతి లేదు కాబట్టి, సెలవు దొరికే శుక్రవారాలు గది తలుపు వేసుకుని, గొంతు తగ్గించి ఇద్దరం ఆరాధన చేసుకునేవాళ్లం. తన నామమున ఇద్దరు ముగ్గురు కూడితే చాలన్నాడు ప్రభువు. మేం సరిగ్గా సరిపోయాం. ఆ ఏడాది అక్కను దేశానికి ఆ చివరనున్న జిజాన్‌కు బదిలీ చేశారు. క్రిస్మస్ దగ్గర పడుతోంది.

అప్పుడే ఇంగ్లండు నుంచి కొత్త సూపర్‌వైజర్ వచ్చింది. ఆమె బ్యాడ్జి మీద వాకర్ అని ఉంది. నా బ్యాడ్జి మీదా అదే. మా ముత్తాతకు బాప్తిస్మం ఇచ్చిన దొర తన పేరు కూడా ఇచ్చాడు. అదే మా ఇంటిపేరైంది. మా కృష్ణా జిల్లాలో ఇంటిపేరు కలిసిందంటే అన్నదమ్ముల వరస, అక్కచెల్లెళ్ల వరస. ముక్కూమొహం తెలియకపోయినా లోపలికి పిలిచి భోజనం పెడతారు. నాకు తెలిసింది అదే.

ఫోన్లో చెబితే అక్క నవ్వింది.

"దొరసాని మీ పెద్దనాన్న కూతురా ఏంటే? ఆస్తిలో వాటా అడుగు."

"ఆస్తి వద్దక్కా. క్రిస్మస్ ప్రార్థనకి పక్కన కూర్చుంటే చాలు."

కజ్జికాయలు చేసి, డబ్బాలో పెట్టుకుని ఆమె క్వార్టర్‌కి వెళ్లాను. మనది ఒకే ఇంటిపేరు మేడమ్, అన్నాను. ఆమె నవ్వింది, ఎగతాళిగా కాదు. కూర్చోమని, ఆ పేరు సంగతి చెప్పుకొచ్చింది. పూర్వం వాళ్ల దేశంలో నేసిన ఉన్ని బట్టను నీళ్లలో వేసి, కాళ్లతో తొక్కి చిక్కబరిచేవారట. ఆ పని చేసేవాణ్ని వాకర్ అనేవారు. అలాంటివాడు ఊరూరా ఉండేవాడు, అందుకే ఊరూరా ఆ పేరు పుట్టింది. ఉత్తర ఇంగ్లండులో, స్కాట్లండులో ఎటు చూసినా వాళ్లేనట. ఆ పేరు ఓడలెక్కి అమెరికాకీ, ఆస్ట్రేలియాకీ, జమైకాకీ కూడా వెళ్లింది.

"వాళ్లలో వాళ్లకే చుట్టరికం ఉండదమ్మా" అంది.

"మరి మీవాళ్లది ఏ ఊరు మేడమ్?"

"అది నా పేరు కాదు. నా భర్తది. ఆయన నన్ను వదిలి వెళ్లి చాలా ఏళ్లయింది. కాగితాలన్నీ మార్పించుకోవడానికి బద్ధకించి ఉంచేసుకున్నాను."

మా దొర కూడా అంతే, పేరిచ్చి ఓడెక్కి వెళ్లిపోయాడు. ఆమెను క్రిస్మస్ ప్రార్థనకు రమ్మని అడిగాను. చర్చికి వెళ్లడం చిన్నప్పుడే మానేశానని, వీలైతే చూస్తానని అంది. ఒక కజ్జికాయ కొరికి, బాగుందని చెప్పి, డబ్బాకు మూత పెట్టింది.

క్రిస్మస్ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చి కర్టెన్లు వేసి చాప పరిచాను. బైబిల్లో ప్రవక్త ప్రభువు రాకడను బట్టలు శుద్ధి చేసేవాడి సబ్బుతో పోల్చిన చోటు తీసి పెట్టాను, ఆమె చెప్పిన వాకర్ పనిలాంటిదే కదా, ఆమెకు చూపించాలని. వరండాలో అడుగుల చప్పుడైనప్పుడల్లా తలెత్తాను. ఎవరూ ఆగలేదు.

జిజాన్ నుంచి ఫోన్ మోగింది.

"వచ్చిందా మీ దొరసాని అక్క?"

"రాలేదక్కా."

"సరే, మోకాళ్లూను. నేను ప్రార్థన చేస్తాను."

ఆసుపత్రిలో రోగుల కోసం, ఇళ్ల దగ్గర ఉన్నవాళ్ల కోసం, దొరసాని కోసం కూడా చేసింది. నా కోసం మొదలుపెట్టగానే అక్క ఫోన్ కార్డులో డబ్బులు అయిపోయి ఫోన్ తెగిపోయింది. కాసేపు దాన్ని చెవికే ఆనించుకుని ఉన్నాను. మిగతా మాటలు ప్రభువుకు తెలుసు. ఆమెన్ మాత్రం నేనొక్కదాన్నే అన్నాను.