మల్లవ్వ ముట్టని చేతులు

మరాఠీ గడ్డ మీద తెలుగు నేతవాళ్లు స్థిరపడ్డ పద్మనగర్ పాత బజారులో మల్లవ్వ గాజుల దుకాణం ఎంత చిన్నదంటే, లోపల ఇద్దరు కూర్చుంటే మూడో మనిషి మెట్టు మీద నిలబడాల్సిందే. ఆ మెట్టు కోసమే ఒకప్పుడు కళ్యాణ్ నుంచి, ఉల్లాస్‌నగర్ నుంచి తెలుగు ఆడవాళ్లు బస్సులెక్కి వచ్చేవారు. శుక్రవారం సాంచెలకు సెలవు. వారమంతా చెవులు తినేసే ఆ మరమగ్గాలు ఆ ఒక్కరోజు నోరు మూసుకుంటే, బజారు నోరు తెరిచేది.

బేరం సంగతి మల్లవ్వ భర్త శ్రీరాములు చూసుకునేవాడు. తొడగడం మల్లవ్వ పని. బొటనవేలి కింద కండను నొక్కి, వేళ్లను దగ్గరికి మడిచి, మట్టి గాజును ఆమె ఎప్పుడు ఎక్కించిందో తొడిగించుకున్నవాళ్లకు కూడా తెలిసేది కాదు. చెయ్యి పట్టుకున్నంతసేపూ ఆడవాళ్లు కడుపులో మాటలన్నీ చెప్పుకునేవాళ్లు. అత్త పెట్టే ఆరళ్లు, మొగుడి తాగుడు, ఊళ్లో తల్లికి బాగాలేదన్న కబురు, అన్నీ ఆ చేతుల మీదుగానే మల్లవ్వకు చేరేవి. పిల్లలు లేరన్న దిగులు ఆమెకు దుకాణంలో ఉన్నంతసేపు గుర్తుకే వచ్చేది కాదు.

తొంభై మూడు వానాకాలంలో శ్రీరాములు జ్వరంతో పడుకుని మళ్లీ లేవలేదు. కర్మకాండలన్నీ అయ్యాక మల్లవ్వ దుకాణం తెరిచింది. తిండికి అదే ఆధారం మరి. మొదటి రోజే కడుపుతో ఉన్న కోడలు పిల్ల ఒకతె అత్తను వెంటబెట్టుకుని మెట్టెక్కింది. మల్లవ్వ ఒకసారి ఆ అత్త మొహం చూసింది. బొట్టు లేని మనిషి చేత్తో గాజులా అని వాళ్లు అనకముందే తాను తప్పుకుంటే కాస్త మర్యాదైనా మిగులుతుందనిపించింది. తన పెళ్లినాడు అలాంటి మనిషి ఎదురొస్తే పక్కకు తిరిగి నిలబడింది తానే కదా. చేతులు వెనక్కి పెట్టుకుని, ఎదురు దుకాణంలో పసుపూ కుంకుమా అమ్మే లక్ష్మవ్వను కేకేసింది.

లక్ష్మవ్వది భారీ శరీరం, అంతకంటే భారీ గొంతు. ఆమె రోడ్డు దాటి వస్తుంటే ఆటోలు ఆగేవి. సంగతేమిటని అడగలేదు. చూసింది, అర్థం చేసుకుంది, కూర్చుని గాజులు తొడిగింది. వాళ్లు వెళ్లాక ఒక్కటే మాట అంది.

"నువ్వు ఏరి పెట్టు చెల్లె, నేను తొడుగుత. ఇద్దరం కలిస్తే ఒక మనిషిమైతం గదా."

అప్పటి నుంచి అదే పద్ధతి. మల్లవ్వ దూరం నుంచి చెయ్యి చూసి సైజు చెప్పేది, రంగు ఏరేది. లక్ష్మవ్వ తొడిగేది. గాజులేసుకున్నవాళ్లను మల్లవ్వ పసుపు కుంకుమలకు లక్ష్మవ్వ దగ్గరికి పంపేది. అక్కణ్నుంచి లక్ష్మవ్వ ఒడిబియ్యం వేడుక బట్టలకు అంకుశం అనే ఆయన దుకాణానికి తోలేది. అంకుశం జాకెట్టు కుట్టడానికి పక్క దర్జీని చూపించేవాడు. పెళ్లివాళ్లు ఒక దుకాణంలో అడుగుపెడితే చాలు, బజారంతా వాళ్లను చేతులు మార్చుకుంటూ చివరిదాకా సాగనంపేది. ఎవరూ రాసుకోని ఒప్పందం అది. ఆ బజారు అన్నేళ్లు కళకళలాడిందంటే దాని చలవే.

కాకపోతే లక్ష్మవ్వ తొడుగుతున్నప్పుడు ఆడవాళ్ల మాటలు కూడా లక్ష్మవ్వకే వెళ్లిపోయేవి. మల్లవ్వ గాజుల పెట్టెలు సర్దుకుంటూ వినేది. పొద్దుగూకాక ఇంటికి పోయి తలుపు వేసుకుంటే, ఆ రోజు తాను ఒక్క మనిషిని కూడా తాకలేదన్న సంగతి గుర్తొచ్చేది. గుర్తొచ్చి ఏం లాభం? పొయ్యి వెలిగించుకునేది.

రెండు వేల సంవత్సరం దాటాక ధామన్కర్ నాకా కూడలి దగ్గర అద్దాల తలుపుల దుకాణాలు లేచాయి. పాత బజారును నిలబెట్టుకోవాలని దుకాణదారులంతా ఒక సంఘం పెట్టి అంకుశాన్ని అధ్యక్షుణ్ని చేశారు. మొదటి మీటింగులో చాయ్ తాగి ప్రభుత్వాన్ని తిట్టారు. రెండో మీటింగులో చాయ్ బాగాలేదని చాయ్‌వాణ్ని తిట్టారు. మూడో మీటింగుకు అధ్యక్షులవారు రాలేదు. నాకా దగ్గర తన కొత్త దుకాణానికి ముహూర్తం పెట్టుకున్నారు. పిలుపు కార్డు మాత్రం అందరికీ పంచారు.

అంకుశం వెళ్లాక దర్జీకి పని తగ్గింది. దర్జీ షట్టర్ దించాక ఆ వైపు వచ్చేవాళ్లు తగ్గారు. ఖాళీ అయిన ఒక్కో దుకాణం గాలానూ నూలు వ్యాపారి విజయ్ నెలవారీ భాడాకు తీసుకుని బస్తాలు నింపుకున్నాడు. చివరికి లక్ష్మవ్వ కొడుకు కళ్యాణ్‌లో ఫ్లాటు తీసుకుని తల్లిని తీసుకెళ్లాడు. ఆమె దుకాణమూ గోదామైంది. శుక్రవారం శుక్రవారం వస్తానని లక్ష్మవ్వ మాట ఇచ్చింది. కొన్నాళ్లు వచ్చింది కూడా. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. ఒక శుక్రవారం వస్తే రెండు వారాలు రాలేకపోయేది.

లక్ష్మవ్వ రాని రోజు మల్లవ్వ దగ్గరికి ఎవరైనా వస్తే, మళ్లీ రమ్మని పంపేసేది. వెళ్లినవాళ్లు మళ్లీ రారు, నాకాకు పోతారు. ఆ సంగతి తెలిసీ అలాగే పంపేది. విజయ్ రెండుసార్లు వచ్చి దుకాణం ఇచ్చేయమని మర్యాదగానే అడిగాడు. ఈ శుక్రవారం సాయంత్రం ఏ సంగతీ చెప్తానంది మల్లవ్వ. ఇవ్వక ఏం చేస్తుంది? తొడిగే చెయ్యి లేని గాజుల దుకాణం ఎన్నాళ్లని నడుస్తుంది?

ఆ శుక్రవారం కనకవ్వ అనే ఆమె తన బిడ్డ సోనాలిని పెళ్లి గాజులకు తీసుకొచ్చింది. లక్ష్మవ్వ వస్తుందని మల్లవ్వ ఇద్దరినీ కూర్చోబెట్టింది. ఆకుపచ్చ గాజులు ఏరింది, మంచినీళ్లిచ్చింది. అంతలో పక్క చాయ్ హోటల్ ఫోనుకు కబురొచ్చింది, లక్ష్మవ్వ మెట్లు దిగలేకపోతోందని. మల్లవ్వ గాజులు మళ్లీ పెట్టెలో పెట్టబోయింది.

మరాఠీ బడిలో చదివిన సోనాలికి ఈ తతంగమేమీ అర్థం కాలేదు. పార్లర్‌లో ఆలస్యమైతే నంబరు పోతుందని దాని ఆరాటం దానిది. "నువ్వే ఎయ్యి నా అవ్వా, ఉషీర్ అయితుంది" అని చెయ్యి చాపింది.

మల్లవ్వ తల్లి వైపు చూసింది. కనకవ్వ కొంగు సర్దుకుని, ఎటో చూస్తూ మొదలుపెట్టింది.

"ఒకమాట అంట, ఏమనుకోకు అక్కా. శ్రీరాములన్న పోయినంక నువ్వు దుకాణం తెరిచిన తొలినాడు నేనే అచ్చిన. కడుపుతోటి ఉన్న. చెయ్యి చాపిన. నువ్వు చేతులు ఎన్కకు పెట్టుకొని లక్ష్మక్కను పిలిచినవ్. అన్న దుఃఖానికి ఇగ ఎవ్వల చెయ్యి పట్టనని ఒట్టు పెట్టుకున్నవేమో అనుకున్నం. అడుగుదామంటే, అన్న యాదికస్తడు అడగకుండ్రి అని లక్ష్మక్క అన్నది."

మల్లవ్వ పెట్టెలో పెట్టబోయిన గాజులను ఒళ్లో పెట్టుకుంది. "బొట్టు లేనిదాన్ని గదా, మీరే వద్దంటరనుకున్న" అంది.

"మా అత్త అనుకున్నది, అబద్ధమెందుకు. నేను అనుకోలే. నన్ను ఎవ్వలడిగిండ్రు?"

సోనాలి చెయ్యి ఇంకా చాపే ఉంది. మల్లవ్వ పట్టుకుంది. మెత్తని చెయ్యి, చల్లగా ఉంది. మొదటి గాజు దగ్గర వేళ్లు తడబడ్డాయి. రెండోది ఎక్కింది. ఆ తర్వాత వేళ్లే దారి పట్టాయి. రెండు చేతులూ నిండాక కూడా మల్లవ్వ ఆ చెయ్యి వదల్లేదు. అయిపోయింది కదా అవ్వా అని పిల్ల నవ్వితే అప్పుడు వదిలింది. వాళ్లు బజారు మలుపు తిరిగేదాకా చూసి, లోపలికొచ్చి కూర్చుని ఏడ్చింది. శ్రీరాములు పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. ఇన్నేళ్లూ మెట్టెక్కి, చెయ్యి చాపి, ముడుచుకుని వెళ్లిపోయిన వాళ్లందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. వాళ్లలో ఒక్కరినైనా అడిగి ఉంటే!

సాయంత్రం విజయ్ వచ్చాడు. దుకాణం ఇవ్వనంది మల్లవ్వ. అతను కోప్పడలేదు. ఒంటరిగా ఈ గోదాముల మధ్య కూర్చుని ఏం చేస్తావని అడిగాడు.

"ఇరవయ్యేండ్లు ఊకెనే కూసున్న బిడ్డా. ఇప్పుడన్న గాజులు తొడగనియ్యి."

విజయ్ బజారు ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశాడు. అన్నీ దించిన షట్టర్లే, మనిషన్నవాడు లేడు. స్కూటర్ తిప్పుకుని వెళ్లిపోయాడు.