మయోనీజ్ మానేసిన పొడుగు బస్సు

బస్సు డిపో క్యాంటీన్‌లో ఆమెను అందరూ డబ్బా అక్క అంటారు. ట్యూనా చేప డబ్బాలను ఆమె విప్పినంత వేగంగా ఇంకెవరూ విప్పలేరు. ఓపెనర్ మూత చుట్టూ గిర్రున తిరగడం, చేప గిన్నెలో పడటం, దాని నెత్తిన గరిటెడు మయోనీజ్ పడటం అంతా ఒక్క ఊపులో అయిపోతుంది. ఇంత ఉల్లిపాయ, ఇంత మిరియాల పొడి వేసి కలిపి, బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి, కాగితంలో చుట్టి కిటికీలోంచి అందిస్తుంది. డ్రైవర్లు ఆ పొట్లాన్ని సీటు పక్కన పెట్టుకుని బయల్దేరతారు. మధ్యాహ్నం రూటు చివరి స్టాపులో తింటారు.

ఆ డిపోలో ఒక పద్ధతి ఉంది. మర్నాడు పొద్దున బస్సు గేటు దాటుతుండగా క్యాంటీన్ కిటికీ ముందు హారన్ కొట్టాలి. పొట్టిగా కొడితే నిన్నటి తిండి పర్వాలేదని. పొడుగ్గా మోగిస్తే అదిరిందని. చప్పుడు చేయకుండా వెళ్ళిపోతే ఇక చెప్పేదేముంది! ఆవరణలో హారన్ కొట్టరాదని మేనేజరు గోడకు బోర్డు పెట్టించాడు గానీ దాన్ని చదివిన డ్రైవరంటూ లేడు. అందరికంటే పొడుగ్గా మోగించేది ఆమె అన్నయ్యే.

అన్నయ్యకు పొడుగు బస్సు అని పేరు. మధ్యలో మడత ఉండే రెండు పెట్టెల బస్సు నడుపుతాడు. మనిషి మాత్రం పొడుగు కంటే అడ్డంగానే ఎక్కువ పెరిగాడు. ఇరుకు మలుపులో వెనక పెట్టె అంచు కూడా రాసుకోకుండా బండిని తిప్పేసి, ఎవరైనా చూశారా అని అద్దంలో చూసుకుంటాడు. ఆ సీటంటే ఆయనకు ప్రాణం.

అలాంటిది, ఒకరోజు కంపెనీ డాక్టరమ్మ గదిలోంచి మొహం వేలాడేసుకుని వచ్చి క్యాంటీన్ బల్ల మీద కూలబడ్డాడు.

"బరువు తగ్గాలట, కొవ్వు తగ్గాలట. వచ్చే పరీక్షకి తగ్గకపోతే స్టీరింగ్ వదిలేసి టికెట్ల కిటికీలో కూర్చోవాలట చెల్లీ."

"నువ్వా? టికెట్ల కిటికీలోనా?"

"అన్నిటికంటే ముందు మయోనీజ్ మానెయ్యమంది. అందులో ముప్పాతిక వంతు నూనేనట. అది లేకుండా ఆ పొడి చేప గొంతు దిగుతుందా చెప్పు!"

"దిగేలా నేను చేస్తాగా!" అని అప్పటికప్పుడు కొంగు బిగించింది చెల్లెలు. ఎలా చేస్తుందో ఆమెకే తెలియదు. కానీ మాట ఇచ్చేశాక వంటింట్లో కాలు నిలవలేదు. ఉడికించిన శనగలు మెత్తగా నూరి కలిపితే, "అక్కా, దీంతో గోడకు పూత వెయ్యొచ్చు" అన్నాడు రుచి చూసిన డిపో మెకానిక్. అవకాడో పండు చిదిమి కలిపితే కాసేపటికే నల్లబడింది. దాన్ని చూసి తన గ్రీజు డబ్బా ఇక్కడెవరు పెట్టారని అడిగాడా మహానుభావుడు. ఉత్త నిమ్మరసం పిండితే చేప పొడిపొడిగా నోట్లో తిరుగుతూనే ఉంది, లోపలికి పోనంటుంది.

చివరికి పెరుగు పట్టుకుంది. అందులో నిమ్మరసం, మస్టర్డ్ అనే ఆవముద్ద కొద్దిగా, సన్నగా తరిగిన కీరా దోసకాయ వేసి ట్యూనాతో కలిపి ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. చల్లగా, పుల్లగా, వెనకనుంచి మస్టర్డ్ ఘాటు! ఆమె గంతేసినంత పని చేసింది. మెకానిక్ కూడా గిన్నె నాకేశాడు. ఆ రోజే అన్నయ్యకు అదే పొట్లం కట్టి ఇచ్చింది.

మర్నాడు పొడుగు బస్సు హారన్ కొట్టకుండా గేటు దాటింది. ఆ మర్నాడూ అంతే. "ఎలా ఉందన్నయ్యా?" అంటే, "బ్రహ్మాండం" అంటాడు. మరి హారనేదీ అంటే బొత్తాం పట్టేసిందంటాడు. పోనీ బరువైనా తగ్గుతున్నాడా అంటే అదీ లేదు. పార్శిళ్ళు తూచే కాటా మీద ఎక్కించి చూస్తే ముల్లు కదిలితే ఒట్టు. పరీక్ష దగ్గరపడుతుంటే ఆమెకు కంటి మీద కునుకు పట్టడం మానేసింది.

ఇక లాభం లేదని ఒకరోజు క్యాంటీన్‌ను మెకానిక్‌కి అప్పగించి, అన్నయ్య బస్సే ఎక్కి, మడతకు అవతల వెనక పెట్టెలో ముసుగేసుకుని కూర్చుంది. చివరి స్టాపులో జనం దిగిపోయారు. ముందు సీట్లో అన్నయ్య పొట్లం విప్పాడు. అటూ ఇటూ చూశాడు. సీటు కింద చెయ్యి పెట్టి బయటికి లాగాడు, చెయ్యంత మయోనీజ్ ట్యూబు!

"అన్నయ్యా!"

ఆ అరుపుకి ట్యూబు ఎగిరి స్టీరింగ్ మీద పడింది. ఆమె నిప్పులు కక్కుతూ ముందుకొచ్చింది.

"నువ్వా! ఇక్కడేం చేస్తున్నావే?"

"నేనడగాల్సిన మాట అది! నేనక్కడ నీ సీటు కోసం చస్తుంటే, నువ్విక్కడ చేసే పని ఇదా?"

"తిట్టు, ఎంతైనా తిట్టు. ముందు ఒక్క ముక్క తిను."

విసురుగా లాక్కుని కొరికింది. బ్రెడ్ నీళ్ళోడుతూ చేతిలోనే విడిపోయింది. మిగిలింది నోట్లో జావలా జారింది. ఎలాగో మింగింది.

"ఛీ! ఇది నేనైనా తినను."

"నువ్వంత ఆశగా అడుగుతుంటే బాగాలేదనడానికి నోరెలా వస్తుందే!" అన్నాడాయన. ఆయన మొహం చూసి ఆమెకు కోపం నిలవలేదు. ఫక్కున నవ్వేసింది.

నవ్వుతూ నవ్వుతూనే ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా తను రుచి చూసేది కలిపిన గిన్నెలోంచే. డ్రైవర్లు తినే వేళకు ఆ పొట్లం ఎలా ఉంటుందో ఏనాడూ నోట్లో పెట్టుకుని చూడలేదు! మయోనీజ్‌లో ఉన్నది నూనె కాబట్టి బ్రెడ్‌ను తడవనిచ్చేది కాదు. పెరుగు నీళ్ళొదులుతుంది, కీరా వదులుతుంది, చేప కూడా వదులుతుంది.

"తప్పు రుచిది కాదన్నయ్యా, నీళ్ళది!" అని బస్సు అద్దాలు అదిరేలా కేకేసింది. తిరిగొచ్చేటప్పుడు డ్రైవరుతో మాట్లాడరాదన్న పలక కిందే నిలబడి దారి పొడుగునా మాట్లాడుతూనే ఉంది.

ఆ సాయంత్రమే పెరుగును పల్చటి బట్టలో మూటకట్టి కుళాయికి వేలాడదీసింది. పొద్దున విప్పితే మీగడలా చిక్కగా ఉంది. చేపను జల్లెడలో పోసి అరచేత్తో అదిమి పిండింది. కీరాకు ఉప్పు రాసి దాన్నీ పిండింది. బ్రెడ్‌కూ చేపకూ మధ్య క్యాబేజీ ఆకు పరిచింది. పొట్లం కట్టి, తినకుండా కిటికీ గట్టు మీద పెట్టి, బస్సులు చివరి స్టాపు చేరే వేళ దాకా కాలు కాలిన పిల్లిలా తిరిగింది. అప్పుడు కొరికింది. బ్రెడ్ బ్రెడ్‌లాగే ఉంది! క్యాబేజీ కరకరమంది!

మర్నాడు అన్నయ్యకు అదే కట్టింది. ఆ మర్నాడు పొడుగు బస్సు హారన్ ఎంతసేపు మోగిందంటే, మేనేజరు గదిలోంచి పరిగెత్తుకొచ్చాడు. ఆ వారమే కాటా ముల్లు బద్ధకంగా వెనక్కి జరిగింది. తర్వాత ఇంకాస్త జరిగింది. ఇద్దరూ ఆ ముల్లు చూసి చప్పట్లు కొట్టుకున్నారు.

పరీక్ష నాటి పొద్దున ఆమె డబ్బా ఓపెనర్‌ను రెండుసార్లు కింద పడేసింది. డ్యూటీకి ముందే డాక్టరమ్మ చూస్తుంది, పాసైతే అన్నయ్యే బండి తీస్తాడు. లేకపోతే ఇంకెవరో తీస్తారు. పొడుగు బస్సు షెడ్డులోంచి కదిలింది. అద్దం మీద ఎండ పడి లోపలున్నది ఎవరో కనబడలేదు. బస్సు కిటికీ ముందుకొచ్చింది. హారన్ లేదు.

అంతలో బస్సు గేటుకు అడ్డంగా ఆగిపోయింది. ముందు తలుపు తెరుచుకుంది.

"ఏమే, నా పొట్లమేదీ?"

"అన్నయ్యా! పాసయ్యావా?"

"అవకపోతే ఈ సీట్లో ఎందుకుంటానే! పొట్లం లేకుండా బండి కదలదు. తొందరగా పట్రా, వెనకాల అందరూ నన్ను తిట్టుకుంటున్నారు."

కంగారులో పొట్లం ఇవ్వడమే మర్చిపోయిందామె. తీసుకుని పరిగెత్తింది. ఆయన అది అందుకుని, సీటు కిందనుంచి పాత ట్యూబు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఎందుకైనా మంచిదని దాచుకున్నా. ఇవాళ చూస్తే మూత ఎండిపోయి బిగుసుకుపోయింది. నా వల్ల రాలేదు."

ఆమె తిప్పి చూసింది. డబ్బాలన్నీ చిటికెలో విప్పే చేతికి కూడా ఆ మూత రాలేదు.

అప్పుడు మోగింది హారన్. వెనక ఆగిన బస్సులన్నీ దానికి జత కలిశాయి. కొన్ని కోపంతో కొట్టాయో సంతోషంతో కొట్టాయో ఆమెకు తెలియలేదు, పట్టించుకోనూ లేదు. కళ్ళు తుడుచుకుంటూ లోపలికొచ్చేసరికి కిటికీ దగ్గర ఇంకో డ్రైవరు నిలబడి ఉన్నాడు.

"ఏం కావాలి తమ్ముడూ?"

"పొడుగు బస్సు తినేదే కట్టక్కా."