మోగని గంట

ఇరవై ఏళ్ళ కిందట, నా పక్క కుర్చీలో కూర్చుని ప్రోగ్రాములు రాసే ఒకడు నాకు మాటిచ్చాడు. ఆమదాలవలస దగ్గరి ఉప్పుడు బియ్యం మిల్లులో కంప్యూటర్ పెట్టేముందు ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లోంచి ప్రింటర్ పని తీసేస్తానన్నాడు. తియ్యలేదని ఈ రోజు తెలిసింది.

ఆ కంప్యూటర్ బాయిలర్‌ని కనిపెట్టుకుని ఉంటుంది. పొయ్యిలో మండే ఊక తగ్గినా, నీళ్ళు తగ్గినా అక్కడి పరికరం దాన్ని పిలుస్తుంది. ఆ పిలుపే ఇంటరప్ట్. దాన్ని అందుకునే హ్యాండ్లర్ గంట కొట్టి వెంటనే తప్పుకోవాలి. ఏది తగ్గిందో చెప్పే చీటీ అచ్చువేయడం తరవాత తీరిగ్గా చేసుకోవచ్చు. మనవాడు రెండూ ఒకేచోట కుక్కాడు.

మధ్యాహ్నం నేను నూకల కోసం వెళ్ళేసరికి, ఊక తగ్గిందన్న చీటీ ప్రింటర్లో ఇరుక్కుని ఉంది. అది కదిలేదాకా హ్యాండ్లర్ మరో పిలుపు వినదు. ఈలోగా నీళ్ళు తగ్గిపోయాయి.

"బాబూ, గాజు గొట్టంలో నీళ్ళు అవుపడ్డం నేదు. గంటేటి మోగనేదు?" అంటూ బాయిలర్ చూసే అప్పన్న పంపు స్విచ్ మీద చెయ్యి వేశాడు.

"ఒరే, ముట్టుకోకు! ఎర్రగా కాలిన బాయిలర్లో చన్నీళ్ళు పడితే పేలిపోతుంది. ముందు ఊక ఆపు!" అని అరిచాను.

ఊక ఆపి అందరం బయటికి పరుగెత్తాం. అది చల్లారాక లోపలికెళ్ళి, ఇరుక్కున్న చీటీ చూపించి జరిగింది చెప్పాను.

"కాయితం ఇరుక్కుంటే మనం సావాలేటి బాబూ?" అన్నాడు అప్పన్న.

మిల్లు యజమాని మాత్రం ప్రింటర్‌ని తిట్టాడు. మీలో డ్రైవర్లు, అంటే ఇలా పరికరాలను నడిపే ప్రోగ్రాములు, రాసేవాళ్ళుంటే చెప్పండి, ఇది కాగితం తప్పా? నేను తిరగేసిన ప్రతి పుస్తకంలోనూ హ్యాండ్లర్ వెంటనే తప్పుకోవాలన్నదే మొదటి పాఠం. నా దృష్టిలో ముద్దాయి ఒక్కడే, ఆనాడు నాకు మాటిచ్చిన సింహాచలం.