ముసలమ్మ తాగిన ఆముదం

ఆ రోజుల్లో నాకు అరవై నాలుగేళ్ళు. ఇప్పుడు తలుచుకుంటే ఎంత కుర్రతనమో అనిపిస్తుంది. మెట్లు రెండేసి చొప్పున ఎక్కేవాణ్ణి. ఎవరైనా సాయం అడిగితే, ఏం సాయమో వినకముందే సరేననేవాణ్ణి. నీటిపారుదల శాఖ స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టి రిటైరయ్యాను కాబట్టి యంత్రాల సంగతి నాకు తెలుసని కూడా నమ్మేవాణ్ణి (లెక్కపెట్టడం వేరు, బిగించడం వేరు అని నాకెవరూ చెప్పలేదు). కాలేజీ రోజుల నుంచి డైరీ రాసే అలవాటున్న మనిషిని. ఏ సంవత్సరం డైరీ తీసినా కాగితాలు శుభ్రంగా తిరుగుతాయి. ఆ ఒక్క వారం పేజీలు మాత్రం ఇప్పటికీ ఒకదాన్నొకటి పట్టుకుని వదలవు. ఆముదం అంత తొందరగా పోయే పదార్థం కాదు.

అప్పుడు నేనూ మా ఆవిడా జర్మనీలోని బ్యోబ్లింగెన్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాం. అమ్మాయి ఆఫీసుకి వెళ్ళేది, అల్లుడు ఇంట్లోంచే పనిచేసేవాడు. ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండే ఇల్లు కాబట్టి ఆ భవనంలో అందరి పార్సెళ్ళూ మా దగ్గరికే వచ్చేవి. ఆ దేశంలో అదొక పద్ధతి. మనం ఇంట్లో లేకపోతే పార్సెల్ మనిషి దాన్ని పక్కవాళ్ళకిచ్చి, ఎవరికిచ్చాడో ఒక చీటీ మీద రాసి మన పోస్టుడబ్బాలో పడేసి వెళ్ళిపోతాడు. "మనది ఇల్లు గాదు మామయ్యా, పోస్టాఫీసు" అనేవాడు మా అల్లుడు (కరీంనగర్ మనిషి, విసుక్కున్నా నవ్వుతూ విసుక్కుంటాడు). గుమ్మం దగ్గర చెప్పుల పక్కన ఎప్పుడూ నాలుగైదు పెట్టెలుండేవి. వాటిలో కాస్త గట్టిగా ఉన్నదాని మీద కూర్చుని నేను రోజూ బూట్ల తాళ్ళు కట్టుకునేవాణ్ణి.

కింది వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాడు. విమానం నడుపుతాడని నేను ఆయన్ని కెప్టెన్ గారు అనేవాణ్ణి. పార్కు బల్ల మీద డైరీ రాసుకుంటుండగా మొదటిసారి చూశాడు కాబట్టి ఆయన నన్ను "హెర్ టాగెబూఖ్" అనేవాడు, అంటే డైరీగారు అని. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే, అదీ ఇద్దరికీ అంతంత మాత్రం. ఆయనకొక పందెపు విమానం ఉంది. కర్ర, గుడ్డ, తీగలతో చేసింది, ఆయన కంటే వయసులో పెద్దది. ఆయన దాన్ని తన భాషలో "ముసలావిడ" అనేవాడు, నాకది ముసలమ్మ. ఏటా వేసవిలో ఇలాంటి పాతకాలపు విమానాలన్నీ ఊరవతల ఒక చిన్న మైదానంలో చేరి సోమవారం నుంచి శుక్రవారం దాకా పందెం వేసుకుంటాయి. ప్రతిరోజూ మధ్యాహ్నం పన్నెండులోపు లేచి, మూడు ఊళ్ళ చర్చి శిఖరాలు చుట్టి తిరిగి రావాలి. ఒక్కరోజు లేవకపోయినా పట్టికలో పేరు కొట్టేస్తారు. కెప్టెన్ గారు ఎన్నో ఏళ్ళుగా పాల్గొంటున్నా ఒక్క ఏడాదీ వారం నిండలేదట. ఇదే ఆఖరు ప్రయత్నం. ఇకపై విమానం నడపడానికి డాక్టరు సర్టిఫికెట్ ఇవ్వనన్నాడు. ముసలమ్మని కప్పుకి వేలాడదీయడానికి మ్యూజియం వాళ్ళు తాళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు.

"నాకు గెలవాలని లేదు. ఆ పట్టికలో నా పేరుకి ఎదురుగా ఒక అంకె చూడాలి. ఏ అంకె అయినా సరే" అన్నాడాయన. ఎప్పుడూ సాయం చేసే స్నేహితుడికి మోకాలి ఆపరేషన్ అయిందట. "మీకు యంత్రాలతో పరిచయం ఉందా?" అని నన్నడిగాడు. కుర్రతనం అన్నాను కదా, ముప్ఫయ్యేళ్ళ అనుభవం అన్నాను.

సోమవారం చక్రం గాలి పోయింది. మంగళవారం వాన కురిసి, నిప్పురవ్వ పుట్టించే భాగంలోకి చెమ్మ దిగింది. రెండు రోజులూ పన్నెండు కావస్తుండగా, జెండా పట్టుకున్న ఉద్యోగి గడియారం చూసుకుంటుండగా, ముసలమ్మ దగ్గి దగ్గి ఎలాగో లేచింది. నా వంతుగా నేను ముసలమ్మ తీగలకీ, పనిముట్లన్నిటికీ చీటీలు కట్టి, పనిముట్లని సైజుల వారీగా అమర్చి పెట్టాను. దాంతో కెప్టెన్ గారికి వాటిలో ఒక్కటీ దొరకడం మానేసింది. వీటన్నిటికీ మించింది ఇంజనులో పోసే నూనె. ఆ కాలపు పందెపు ఇంజన్లకి మామూలు నూనె పనికిరాదు, ఆముదమే కావాలి. చిన్నతనంలో మా అమ్మ గిన్నెతో వస్తుంటే గోడ దూకి పారిపోయిన ఆముదం, నన్ను వెతుక్కుంటూ జర్మనీ దాకా వచ్చింది. ఇంజను తిరిగితే ఆ తుంపరంతా వెనక నిలబడ్డవాళ్ళ ముఖాన కొడుతుంది. "నోరు మూసుకుని నిలబడండి" అని కెప్టెన్ గారు ముందే హెచ్చరించాడు. ఇంజను మోత వినగానే నేను ఆశ్చర్యంతో నోరు తెరిచాను. ఆ మధ్యాహ్నం గురించి నా డైరీలో ఒకే ఒక్క మాట ఉంది: "విశ్రాంతి".

బుధవారం ఎగిరి దిగాక చూస్తే నూనె ట్యాంకు అతుకు విచ్చుకుని, ఉన్న ఆముదమంతా గడ్డి తాగేసింది. అతుకు వేయడం ఆయనకొచ్చు. నూనె ఎక్కణ్ణుంచి తేవడం? నెల కిందట ఆర్డరు పెట్టిన డబ్బా రాలేదు. దుకాణానికి ఫోను చేస్తే, మేం సెలవుల్లో ఉన్నామని యంత్రం పలికింది. మందుల షాపుల్లో కనురెప్పలకి రాసుకునే బొటనవేలంత సీసాలు తప్ప లేవు. కెప్టెన్ గారు రెక్క కింద గడ్డిలో కూలబడి, "శనివారం నుంచి ఇక్కడే గుడారంలో పడుకుంటున్నాను. ఇంకా రెండు రోజులేగా" అన్నాడు. ఎవరితోనూ కాదు, చక్రంతో. ఆ మనిషిని అలా చూడలేకపోయాను. అప్పుడే నాకొక ఆలోచన వచ్చింది. రాకుండా ఉంటే బాగుండేది.

మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టాను: "అత్యవసరంగా ఆముదం కావాలి. ఎంత ఉంటే అంత. ఇంటికొచ్చి తీసుకుంటాను."

నిమిషంలో జవాబులు మొదలయ్యాయి. "అంకుల్, ఎన్ని రోజులైంది?" అని ఒకబ్బాయి. "గోరువెచ్చటి పాలలో నెయ్యి వేసుకుని తాగి చూడండి బాబాయిగారూ" అని ఒకమ్మాయి. "హౌస్‌ఆర్ట్స్ దగ్గర టెర్మిన్ దొరికిందా అంకుల్? లేకపోతే నేను మాట్లాడతా" అని మరొకబ్బాయి (ఫ్యామిలీ డాక్టరు అపాయింటుమెంటు సంగతి). ఇంకొకాయన, "ఎంత ఉంటే అంత అంటున్నారంటే ఇంట్లో వైద్యం వద్దండీ, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి" అన్నాడు. అపార్థం తొలగించాలని, "నాకు కాదు, ముసలమ్మకు" అని రాశాను. "అయ్యో, ఆంటీకా!" అంటూ పాతికమంది చేతులు జోడించారు.

మా ఆవిడ ఫోను నా ముందు పెట్టి, "ముసలమ్మ ఎవరండీ?" అంది. విమానం అని చెప్పినా ఆ పూట నాకు పచ్చడి వడ్డించలేదు. అల్లుడు గదిలోంచి బయటికొచ్చి, "మామయ్యా, గ్రూప్ల మా టీమ్ లీడ్ సుత ఉన్నడు. మీటింగ్ మధ్యల ఆపి, మీ అత్తమ్మకు ఎట్లుందని అడిగిండు. నేనేం చెప్పాలె?" అన్నాడు.

"ఎగిరేదాకా నమ్మకం లేదని చెప్పు" అన్నాను. నవ్వాడు గాని, కారు తీసి నన్ను ఇల్లిల్లూ తిప్పాడు కూడా. ఏ ఇంటికెళ్ళినా ఊరి నుంచి అమ్మలు కట్టిచ్చిన సీసా ఒకటి బయటికి వచ్చింది. హార్లిక్స్ సీసాలు, నీళ్ళ సీసాలు, ఒకచోట షాంపూ డబ్బా. మూత పెట్టి, గుడ్డ చుట్టి, దారంతో కట్టినవి. అన్నిటికంటే పెద్దది మా ఆవిడదే.

"ఆముదమేగా?" అని అడిగాను.

"ఆముదం కాక అమృతమా? తీసుకెళ్ళండి, మీ ముసలమ్మకి."

స్టోర్సు పద్ధతి ప్రకారం సరుకంతా ఒకే రకంగా ఉండాలి. అందుకని సీసాలన్నీ ఒక డబ్బాలోకి వంచి కలిపేశాను. పొద్దుగూకక ముందే మైదానానికి చేరాం. ఎండ ఇంకా వెచ్చగా ఉంది. కెప్టెన్ గారు ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్ది, వాసన చూసి, కళ్ళు మూసుకుని "ఆహా, ఇండియా రకం!" అన్నాడు. కాఫీ వడపోసే కాగితంలో వడకట్టి ట్యాంకు నింపాడు. నాకూ ఆ వాసన ఎక్కడో తగిలింది. చిన్నప్పటి ఆదివారాలు, పీట, కుంకుడురసం, మా అమ్మ అరచెయ్యి గుర్తొచ్చాయి. అనుమానం రావలసిన చోట జ్ఞాపకం వచ్చింది. కళ్ళు చెమర్చాయి కూడా.

గురువారం పొద్దున, వేసవే అయినా, నోట్లోంచి ఆవిరి వచ్చేంత చలి. అల్లుడు మా ఆవిణ్ణి కూడా వెంటబెట్టుకొచ్చాడు (ఆ ముసలమ్మేదో తన కళ్ళతో చూడాలందట). కెప్టెన్ గారు ఇంజను తిప్పాడు. అంటుకుంది. మరుక్షణం, నూనె ఒత్తిడి చూపించే ముల్లు కదలడం లేదని ఆపేశాడు. ట్యాంకు మూత తీసి లోపలికి చూసి, తల ఎత్తకుండా నన్ను పిలిచాడు. తెల్లగా, ముద్దగా, చలికాలపు నెయ్యిలా ఉంది లోపల.

మా ఆవిడ నా భుజం మీంచి తొంగిచూసి, "చలికి పేరింది, అంతేగా. వేణ్ణీళ్ళలో పెడితే కరుగుతుంది" అంది.

"ఆముదం పేరుకోవడమేమిటే?"

"ఆముదం కాదు, అందులో కొబ్బరినూనె."

"కొబ్బరినూనె ఎందుకుంది?"

"ఉత్త ఆముదం తలకి రాస్తే జిడ్డు వదులుతుందా? సగానికి సగం కొబ్బరినూనె పోసి, మెంతులు, కరివేపాకు, మందారాలు వేసి కాచాను. తలకి రాసుకునే ఆముదమంటే మనిళ్ళలో అదేగా. తలకా విమానానికా అని మీరు అడిగారా?"

తరవాత వాకబు చేస్తే సగం సీసాలు ఆ బాపతువే. విడివిడిగా ఉంచి ఉంటే మిగతా సగమైనా పనికొచ్చేది. కెప్టెన్ గారు అంతా విని, "కరివేపాకు" అన్న మాటని జాగ్రత్తగా పలికి చూసి, చక్రం కింద పెట్టే చెక్క మీద కూర్చున్నాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. మా ఆవిడ ఎక్కణ్ణుంచో జుట్టు ఆరబెట్టుకునే యంత్రం సంపాదించి, ముసలమ్మ కడుపుకి వేడిగాలి పట్టింది. నేను వేణ్ణీళ్ళ గుడ్డలు పట్టాను. నూనె కరిగి కిందికి దిగింది, మైదానమంతా తలంటు వాసన వేసింది. ట్యాంకు ఖాళీ అయింది గాని నింపడానికి ఏమీ లేదు. పక్క ఊరి చర్చిలో పన్నెండు కొట్టారు. ఉద్యోగి మా వైపు ఒకసారి చూసి, మర్యాదగా జెండా చుట్టేశాడు. పట్టికలో కెప్టెన్ గారి పేరు మీద స్కేలు పెట్టి గీత గీశారు. చాలా తిన్నటి గీత.

సాయంత్రం ఇల్లు చేరి, బూట్లు విప్పడానికి రోజూ కూర్చునే పెట్టె మీదే కూర్చున్నాను. తల వంచుకుని ఉన్నాను కాబట్టి, నా రెండు మోకాళ్ళ మధ్య అతికించిన చీటీ కనపడింది. దాని మీద కెప్టెన్ గారి పేరుంది.

"గిదా?" అన్నాడు అల్లుడు. "శనివారమే వచ్చింది గద మామయ్యా. కింద ఆయన ఇంట్ల లేడని నాకిచ్చిండు. చీటీ ఆయన డబ్బాల ఏసే ఉంటడు."

ఏసే ఉంటాడు. కెప్టెన్ గారు శనివారం నుంచి గుడారంలో ఉన్నాడు. లోపల ఏముందో విప్పకుండానే తెలిసింది, ఊపితే బుడబుడమంది. ఆ వారమంతా నిరాశతో బయల్దేరిన ప్రతి పొద్దునా ఆ ఆముదం మీదే కూర్చుని బూట్లు కట్టుకున్నాను.

శుక్రవారం డబ్బా మోసుకెళ్ళి ఆయన ముందు పెట్టి, ఎక్కడ దొరికిందో దాచకుండా చెప్పాను. డబ్బా వైపు, తరవాత నా పంట్లాం వెనకవైపు చూశాడు. ఆపైన నవ్వాడు, దగ్గొచ్చేదాకా. "పందెంలో లేను. అయినా ఎగురుతాను. మీరు టైము చూడండి హెర్ టాగెబూఖ్" అన్నాడు. ఆ రోజు ముసలమ్మ ఒక్క పిలుపుకే లేచింది. గొట్టాల్లో మిగిలిన మెంతులూ కరివేపాకూ కాలి, కమ్మటి పొగ వదులుతూ చర్చి శిఖరాల వైపు పోయింది. చేతి గడియారం చూస్తూ నిలబడ్డాను. దిగి వచ్చాక గడియారం ఆయనకే చూపించాను. ఆ రోజు ఎగిరిన వాటన్నిటి కంటే నెమ్మది.

"అందరికంటే వెనకా?" అన్నాడు, కళ్ళద్దాల మీది నూనె తుడుచుకుంటూ.

"అవును కెప్టెన్ గారూ."

"అంటే, పట్టికలో ఉండి ఉంటే ఆఖరి స్థానం వచ్చేదన్నమాట!" ఆయన ముఖం వెలిగిపోయింది. "ఆఖరిది కూడా అంకే కదా. రాసుకోండి." రాశాను. అంకె వేసి, పక్కన ఆయన పేరు రాశాను. ఇంజను తడిమిన నూనె చేత్తోనే సంతకం కూడా పెట్టాడు. ఆ పేజీ ఇప్పటికీ తెరుచుకోదు.

ముసలమ్మ ఇప్పుడు మ్యూజియంలో వేలాడుతోంది. కిందటి నెల కెప్టెన్ గారూ మేమిద్దరం కలిసి బస్సులో వెళ్ళాం. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కాం, ఆయనకి కర్ర, నాకు మా ఆవిడ. నూనె ఎన్నిసార్లు తోడేసినా ఇంకా కారుతూనే ఉందని కాపలా అతను వాపోయాడు. కింద ఒక రేకు పళ్ళెం పెట్టారు. నేను తల ఎత్తి, అరవై నాలుగేళ్ళ కుర్రవాడెవడో తీగలకి కట్టిన చీటీలు ఇంకా ఉన్నాయేమోనని వెతుకుతుంటే, చుక్క ఒకటి సరిగ్గా నా నడినెత్తిన పడింది. ఒక్క వెంట్రుక కూడా అడ్డం రాలేదు.

మా ఆవిడ రుమాలు తియ్యబోయి ఆగి, వేలితో అద్ది వాసన చూసుకుంది. "నాదే" అంది. తరవాత దాన్ని అక్కడే, అందరూ చూస్తుండగా, అరచేత్తో నా బట్టతలకి మెల్లగా మర్దనా చేసింది.